అమ్మ విప్పిన కట్టు

మా ఊళ్ళో ఎవరికి కొడవలి తెగినా, కాల్లో సర్కారు తుమ్మ ముల్లు విరిగి చీము పట్టినా, ముందు మా ఇంటికే వచ్చేవాళ్ళు. మాది పామిడికి కొంచెం ఎడంగా పెన్న ఒడ్డున ఉన్న ఊరు. ఒడ్డునని పేరే గానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఏట్లో నీళ్ళకంటే ఇసకే ఎక్కువ. అమ్మా నాయనా ఇద్దరూ కూలికి పోయేవాళ్ళు. వేరుశనగ కలుపు తీయడం, చెట్లు పెరకడం, కాయలు ఒలవడం, ఏ పని దొరికితే ఆ పని. నాయన పోయాక అమ్మ ఒక్కతే పోయేది. కూలి మనిషికి ఊళ్ళో ఏపాటి మర్యాద ఉంటుందో అందరికీ తెలిసిందే. అమ్మకు మాత్రం దానికి మించి ఉండేది. అదంతా ఆమె కట్టే ఆకు మందు వల్ల.

అదేమీ కొండల్లోంచి తెచ్చే మూలిక కాదు. గట్ల మీదా, రోడ్ల పక్కనా, ఎక్కడపడితే అక్కడ మొలిచే గాయపాకు. గడ్డి చామంతి అని కూడా అంటారు. మధ్యలో పసుపు, చుట్టూ తెల్లటి రేకులతో చిన్న పువ్వు పూస్తుంది. బడికి పోయే రోజుల్లో మేము పలకలు తుడుచుకున్నది దాంతోనే. అమ్మ ఆ ఆకును బాగా కడిగి, చిటికెడు పసుపు వేసి రోట్లో నూరేది. రసం గాయంలో పిండి, మిగిలిన ముద్దను ఆముదంలో వెచ్చజేసి పైన పరిచి, ఉతికి ఎండబెట్టిన పాత పంచె గుడ్డతో కట్టు కట్టేది. కట్టేటప్పుడు పెదవులు కదిలేవి. మేము చర్చికి పోయే వాళ్ళం. అమ్మ ఆ గాయం కోసం దేవుణ్ణి అడిగేది. వచ్చేవాళ్ళలో సగం మందికి పైగా ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం ఉన్నవాళ్ళే, అయినా ఆ ప్రార్థన అయ్యేదాకా కాలు కదిలించకుండా కూర్చునేవాళ్ళు. ఎవరైనా ఏదైనా చేతిలో పెట్టబోతే, "ఆకు నేను మొలిపించిన్యానా ఏమి, పెట్టుకో పో" అనేది.

గాయాలు మానేవి. అది నేను కళ్ళారా చూశాను. ఎద్దు తొక్కిన వేళ్ళు, సలాక గుచ్చుకున్న అరచేతులు, నూనె చింది కాలిన ముంజేతులు, అన్నీ మెల్లగా పొర కట్టి, పొలుసు రాలి, గులాబీ రంగు తోలు తేలేవి. అందుకే అమ్మకు ఆ ఆకు మీద ఉన్న నమ్మకాన్ని నేను ఏనాడూ వెర్రి అనుకోలేదు.

నాకు అనంతపురంలో ఒక చిన్న ప్రైవేటు బళ్ళో టీచరు పని దొరికాక, పెళ్ళయ్యాక, బుక్కరాయసముద్రంలో కాపురం పెట్టాం. అమ్మకు మోకాళ్ళు పట్టేసి కూలికి పోలేని పరిస్థితి వచ్చినప్పుడు ఆమెను కూడా తెచ్చుకున్నాం. ఆ వచ్చిన ఏడే ఆమెకు షుగర్ ఉన్నట్టు బయటపడింది. ఎన్నాళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలియదు. మాత్రలు ఇచ్చారు. బాగున్న రోజు మింగేది కాదు, తల తిరిగిన రోజు మింగేది. అరికాళ్ళ కింద ఏదో తేడాగా ఉందని మాత్రం అప్పుడప్పుడూ అనేది.

"నేల మీద నడిసినట్టు లేదు పాపా. దూది మీద నడిసినట్టు ఉండాది."

మోకాళ్ళ నొప్పుల వల్లేమో అనుకున్నాను. ఆమె కూడా అంతే అనుకుంది.

ఆ ఏడు గుడ్ ఫ్రైడేకి ఊరికి పోవాలని పట్టుపట్టింది. మా ఊరి చర్చి నుంచి పక్కనున్న గుట్ట దాకా సిలువ మోసుకుంటూ నడుస్తారు, అందరూ వట్టి కాళ్ళతోనే. ఏప్రిల్ ఎండ. మధ్యాహ్నానికి తారు మెత్తబడి చెప్పులకే అంటుకుంటోంది. నేను చెప్పులు వేసుకోమన్నాను. "ఆయన వేసుకున్యాడా?" అని ముందుకు పోయింది. మిగతా వాళ్ళంతా ఎగురుతూ, రోడ్డు పక్క మట్టిలోకి దిగుతూ నడుస్తుంటే అమ్మ మాత్రం తారు మధ్యనే నింపాదిగా నడిచింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె భక్తికి ఆశ్చర్యపోయారు. నాకు కూడా గర్వంగానే అనిపించింది.

ఇంటికి వచ్చాక మరుసటి రోజో ఆ తరువాతో, వంటగదిలో సిమెంటు గచ్చు మీద తడి అచ్చులు కనిపించాయి. ఒక కాలివే, పొయ్యి నుంచి వాకిలి దాకా.

"ఇదేందమ్మా?"

"నీళ్ళేమోలే," అంది.

నీళ్ళు కావు. కుడి కాలి అరికాలంతా బొబ్బ లేచి పగిలింది. చర్మం ముద్దగా వేలాడుతోంది. ఆమె దాని మీదే నడుస్తూ అన్నం వండింది. నేను భయపడి ఆస్పత్రికి పోదామన్నాను. అమ్మ నా వైపు చూసిన చూపులో కొంచెం చిన్నబుచ్చుకోవడం ఉంది.

"ఊరందరికీ కట్టి, నా కాలు తీసకపోయి ఇంకోని చేతిలో పెట్టాల్నా నేను?"

ఎండాకాలం ఆకు దొరకడం కష్టం. గట్ల మీద ఉన్నదంతా ఎండి పొట్టయిపోయి ఉంటుంది. తోటల్లో పచ్చగా ఉన్నచోట గడ్డిమందు కొట్టి ఉంటారు, ఆ ఆకు అమ్మ ముట్టదు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట కింద కాలువ ఊట పారేచోట మాత్రం కొంచెం బతికి ఉండేది. బడి నుంచి వచ్చేటప్పుడు నేను అక్కడ దిగి, సెలవులు ఇచ్చాక ఇంటి నుంచి నడిచిపోయి, ఒక గుప్పెడు కోసుకుని కొంగులో వేసుకుని తెచ్చేదాన్ని. అమ్మ తనే నూరుకునేది, తనే కట్టుకునేది. ప్రార్థన కూడా తనే చేసుకునేది. కట్టు విప్పేటప్పుడు నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు.

"ఎట్లుందమ్మా?" అని అడిగితే, "అంచులు కూడుకుంటాండాయి" అనేది. చాలా రోజులు అదే మాట. వానలు రావాల్సిన నెల వచ్చింది, వాన రాలేదు. అమ్మ మంచం వరండాలోకి మార్పించుకుంది. ఉక్కగా ఉందంది. ఇంట్లో సాంబ్రాణి వేయడం మొదలుపెట్టింది, దోమలంది. అన్నం కంచం తీసుకుని మా అందరికీ దూరంగా పోయి కూర్చునేది. నా భర్త ఒకరోజు, "ఏదో వాసన వస్తాంది, ఎలుక చచ్చిందేమో చూడు" అన్నాడు. అమ్మ విన్నది. మర్నాటి నుంచి కట్టు మీద ఇంకో కట్టు కట్టింది.

ఆ రోజుల్లోనే తాడిపత్రి నుంచి మామ వచ్చాడు. అమ్మకు చిన్నాయన కొడుకు. బండల ఫ్యాక్టరీలో పాలీషు పని. అక్కడ పొద్దుగూకులూ కాళ్ళ కింద నీళ్ళూ రాతిపిండీ కలిసిన బురద ఉంటుంది. రబ్బరు బూట్లు వేసుకుని అందులోనే నిలబడాలి. బూటులో ఒక రాతి పెచ్చు పడిందని, ఆ రోజంతా దాని మీదే నిలబడి పని చేశాడని, సాయంత్రం బూటు విప్పితే మేజోడు ఎర్రగా ఉందని చెప్పాడు. బొటనవేలి కింద గుంట పడింది. కొన్నాళ్ళు పసుపు అద్దుకున్నాడు, కొన్నాళ్ళు మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాసుకున్నాడు. తగ్గలేదు. అప్పుడు అక్క గుర్తొచ్చింది.

ఆదివారం కాబట్టి నేనింట్లోనే ఉన్నాను. టీ పెట్టి ఇచ్చాను. మామ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని, కాలు చాపి, గుడ్డ విప్పాడు. అమ్మ మంచం మీద నుంచి వంగి చూసింది. ముట్టుకోలేదు.

"షుగర్ ఉండాదా నీకు?" అని అడిగింది.

"ఉండాది. మాత్రలు మింగుతాండాలే. అది ఉంటే ఏమక్కా, నీ చెయ్యి పడితే మానుతాది."

"పెచ్చు గుచ్చుకున్నప్పుడు నొప్పి తెలిసిందా?"

"తెలిసింటే ఆడనే తీసేసేవాన్ని గదా."

అమ్మ వెనక్కి జరిగి కూర్చుంది. తరువాత, "నేను కట్టను. అనంతపురం పెద్దాస్పత్రికి పో" అంది.

మామ వేళాకోళం అనుకుని నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు.

"ఏంటికక్కా?"

"కట్టను. అంతే. పోయి ఆడ చూపిచ్చుకో."

"ముక్కూ మొగం తెలీనోళ్ళకు కట్టినావు. మా నాయన చేతికి కట్టినావు, నేను చూసినా. నాకేంటికి కట్టవు? నేనేమన్నా పగోన్నా?"

"పగోనివైతే కట్టిందును."

మామకు కోపం వచ్చింది. గుడ్డ తీసి మళ్ళీ కాలికి చుట్టుకోబోయి ఆగాడు. మంచం కింద, చీర అంచు దగ్గర కనిపిస్తున్న అమ్మ కాలి కట్టును చూపించాడు.

"మరి నీకు కట్టుకుంటివే? పసరు ఈడికి కనపడతాంది. నీకు పనికొచ్చేది నాకు పనికిరాదా?"

అమ్మ నన్నొకసారి చూసింది. లోపలికి పొమ్మంటుందేమో అనుకున్నాను. అనలేదు. చీర కొంచెం పైకి జరుపుకుని, కాలెత్తి మంచం పట్టె మీద పెట్టుకుని, ముడి విప్పింది. పై కట్టు, దాని కింద కట్టు, దాని కింద ఆకు. ఆకు ముద్ద నల్లబడి అతుక్కుపోయి ఉంది. దాన్ని గోటితో తొలగించింది.

పైన అంచులు కూడుకుంటున్నాయన్న మాట అబద్ధం కాదు. చుట్టూ తెల్లటి తోలు లోపలికి పెరిగి ఉంది. ఆ తోలు మధ్య ఉన్న గుంట మాత్రం ఎంత లోతో చూస్తే తెలియలేదు. వేలితో పక్కన నొక్కితే లోపలి నుంచి పలచటి చీము వచ్చింది. చిటికెన వేలూ దాని పక్క వేలూ బొగ్గులా ఉన్నాయి. వాకిలి తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"దినామూ మారుస్తాండా," అంది అమ్మ మామతో. "అమాసా పోయె, పున్నమీ పోయె. ఊరి ఆకంతా దీనికే పెట్టినా. పైన మూసుకుంటాది, కింద తింటాది."

"నొస్తాందా అక్కా?" మామ గొంతు తగ్గింది.

"నొప్పుంటే బాగుండు. నొయ్యకపోవడమే దీని రోగం. నీది కూడా అదే."

మామ చాలాసేపు ఆ కాలి వైపే చూశాడు. తరువాత తన కాలికి గుడ్డ చుట్టుకుని లేచి, "పెద్దాస్పత్రికి యాడ ఆటో ఎక్కాల పాపా?" అని నన్నడిగాడు.

"అందరం పోదాం మామా," అన్నాను. అమ్మ వద్దనలేదు. ఎదురింటి వాళ్ళ ఆటో పిలిచాను. ఆటోలో ఇద్దరూ కాళ్ళు చాపలేక చాపుకుని, ఒకరి కట్టు ఒకరికి తగలకుండా కూర్చున్నారు.

అమ్మను చూసిన డాక్టరమ్మ చిన్నపిల్లలాగా ఉంది. నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు. కాలికి ఏం కట్టారని అడిగింది. చెప్పడానికి నేను తడబడితే అమ్మే చెప్పింది, ఆకు పేరు, పసుపు, ఆముదం, అన్నీ. ఆ అమ్మాయి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఆ ఆకు మంచిదే పెద్దమ్మా. ఇట్లాంటి ఆకులతో షుగర్ పుండ్లకు పూత మందులు చేసి చూస్తున్నారు కూడా. కానీ నీ పాదానికి రక్తమే పోవడం లేదు. చీము ఎముక దాకా పోయింది. పైన ఏం రాసినా అది లోపలికి అందదు. ముందుగా వచ్చి ఉంటే..." అని ఆపేసి, ఎక్స్‌రే ఫిల్మును మళ్ళీ వెలుతురుకు పెట్టి చూసింది.

ముందు రెండు వేళ్ళు తీశారు. నలుపు ఆగలేదు. తరువాత మోకాలి కిందికి కాలు తీయాలన్నారు. కాగితం మీద సంతకం పెట్టడానికి నేను వెనకాడుతుంటే అమ్మ వేలిముద్ర వేయడానికి చెయ్యి చాపింది. మామకు బొటనవేలు ఒక్కటీ పోయింది. పుండు కడిగి కడిగి, మందులు ఎక్కించి, పాదం నిలబెట్టారు. మాను పట్టడానికి చాలా నెలలే పట్టింది. బురదలో నిలబడే పని ఇక చేయలేక ఆ ఫ్యాక్టరీలోనే గేటు దగ్గర కూర్చునే పనికి మారాడు.

ఆపరేషను ముందు రోజు అమ్మ జడ అల్లుతూ అడిగాను, నాకు ఎందుకు చూపించలేదని.

"చూపిస్తే ఆస్పత్రి అంటావు," అంది. ఒళ్ళోని చీర మడత సర్దుకుంటూ, "మానలేదని ఒప్పుకుంటే, ఇన్నేండ్లు నేను కట్టింది ఏమని? వాళ్ళకు వాళ్ళే మాన్యారేమో అనిపిచ్చింది. ఆ మాట యాడ చెప్పుకోవాల నేను" అంది.

కాదమ్మా, నీ చేతి మందుకే మానాయి అన్నాను. తల అటు తిప్పుకుంది.

కాలు తీశాక ఆస్పత్రి మనిషి ఒకరు బయటికి వచ్చి, దాన్ని మీరు తీసుకుపోతారా, లేక మమ్మల్నే చూసుకోమంటారా అని అడిగాడు. అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని నాకు తెలియదు. నా భర్త నా వైపు చూశాడు. మాలో మనిషిని కాల్చం, పూడ్చిపెడతాం. అమ్మ లేచి మొదట అడిగేది అదేనని నాకనిపించింది. తీసుకుపోతామన్నాను.

తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు. అంత బరువుంటుందనుకోలేదు. నా భర్త తెలిసినవాళ్ళ కారు మాట్లాడాడు. ఒళ్ళో పెట్టుకుని ఊరి దాకా వచ్చాను. పామిడి దాటాక రోడ్డు పక్క చేలల్లో ఒక్క తడుపుకు లేచిన వేరుశనగ మొలకలు ఆ పైన వాన లేక మాడిపోయి ఉన్నాయి. సమాధుల తోటలో నాయన పక్కన చిన్న గుంట తవ్వించి పెట్టాం. పాస్టరుగారు బైబిలు పట్టుకుని వచ్చి చాలాసేపు పేజీలు తిప్పారు.

"మనిషి బతికుండగా కాలు పూడ్చేదానికి ఏ ప్రార్థన ఉండాదో నాకు తెలీదమ్మా," అన్నారు చివరికి. పరలోక ప్రార్థన చెప్పించారు. ముగ్గురమే చెప్పాం. తవ్విన మనిషి దూరంగా నిలబడి తలపాగా తీశాడు. ఎంత చిన్న గుంటైనా మట్టి వేయడం మట్టి వేయడమే. ఏడవాలో వద్దో తెలియలేదు. అమ్మ బతికే ఉంది కదా అని చెప్పుకుంటూ కారెక్కాను.

నేననుకున్నట్టే తెలివి వచ్చాక అమ్మ అడిగింది.

"యాడ పెట్టినారు?"

"ఊళ్ళో. నాయన పక్కన."

"కడిగినారా, ఆ పసరుతోనే పెట్టినారా?"

"ఆస్పత్రోళ్ళే శుభ్రం చేసి చుట్టిచ్చినారమ్మా."

"నాకంటే ముందే పోయిందే," అని నవ్వబోయింది. నవ్వు సగంలో తెగి, గోడ వైపు తిరిగి ఏడ్చింది. నాయన పోయినప్పుడు కూడా అమ్మ అలా ఏడవడం నేను చూడలేదు.

ఇంటికొచ్చాక ఆమె మనిషి మారిపోయింది. కర్ర కాలు పెడతామన్నారు, కొలతలు తీసుకుని చేసిచ్చారు. అది ఒత్తుకుని అక్కడ ఇంకో పుండు పడుతుందని భయపడి దాన్ని తలుపు వెనకే నిలబెట్టింది. రోలు వైపు పోవడం మానేసింది. ఒకసారి మా ఊరి నుంచి ఒకామె వాళ్ళ పాపను తీసుకుని వచ్చింది. కొడవలి తగిలి పిల్ల పిక్క మీద పెద్ద గీత. కొంగులో ఆకు కూడా కోసుకునే తెచ్చుకుంది.

"ఆస్పత్రికి తీసకపో," అంది అమ్మ.

"ఈపాటి దానికి ఆస్పత్రేంది పెద్దమ్మా?"

"నేను మందు ఇడిసిపెట్టినా."

నేను లోపలి నుంచి వచ్చి, "అమ్మా, చిన్నపిల్ల. దీనికి షుగర్ ఏముంటాది? ఈ గాయానికి నీ ఆకు పనిచేస్తాది" అన్నాను.

"ఉందో లేదో నువ్వు చూసినావా?" అంది. పిల్ల తల్లి మొహం ముడుచుకుని పిల్లను ఎత్తుకుని పోయింది. ఆకు వరండాలోనే వదిలేసింది. సాయంత్రానికి వాడిపోతే నేనే ఊడ్చి పారేశాను. ఆ తరువాత ఎవరూ రాలేదు. ఎంత ఆకుకు ఎంత పసుపో, ఆముదం ఎంత వేడి చేయాలో నేను నేర్చుకోలేదు. ఇప్పుడు అడిగితే గుర్తులేదంటుంది.

మామ మాత్రం బస్సెక్కి అప్పుడప్పుడూ వస్తాడు. ఇద్దరూ వరండాలో కూర్చుంటారు. ఒకసారి మామ, "నువ్వు ఆ పొద్దు కట్టింటే నేను ఈపాటికి కాటికి పోయిందును అక్కా" అన్నాడు. అమ్మ మాత్రం, టీ చల్లారిపోతాంది తాగు అంది.

ఆమెకు మిగిలిన కాలును రోజూ సాయంత్రం నేను చూస్తాను. డాక్టరమ్మ చెప్పిన పని అది. పీట మీద పెట్టుకుని, వేళ్ళ సందులు, మడమ, అరికాలు, ఫోను లైటు వేసి చూస్తాను. అమ్మ నా మొహం చూస్తూ కూర్చుంటుంది. నా మొహంలో ఏమీ మారకపోతే కాలు దించుకుంటుంది. నిన్న మడమ పక్కన సజ్జగింజంత నల్లటి మచ్చ కనిపించింది. తుడిచి చూశాను, పోలేదు. వేలితో నొక్కాను.

"తెలుస్తాందా అమ్మా?"

"యాడ నొక్కినావు?" అంది.

బడికి సెలవు చెప్పాను. పొద్దున్నే ఆటో రమ్మన్నాను.